వెనక గేటుకు వేసిన అతుకు

రవ్వలక్కకు మాట ఇవ్వడమంటే భయం. ఇనుము వంకరపోతే కాల్చి సరిచేసుకోవచ్చు, మాట వంకరపోతే ఏ కొలిమిలో పెట్టాలి అనేది ఆమె వాదం. అందుకే గేటు ఎప్పటికిస్తావని అడిగితే "అయినప్పుడు" అనేది. కిటికీ ఊచలు ఎన్నాళ్ళు మన్నుతాయని అడిగితే "నేను పోయాక వచ్చి చూసుకోండి" అనేది. అలాంటి మనిషి నలభై ఏడో ఏట, పదకొండు ఇళ్ళవాళ్ళ ముందు నిలబడి, జీవితంలో ఒకే ఒక్కసారి గట్టిగా మాట ఇచ్చింది. ఇచ్చి ఏం బావుకుందో చెబుతాను.

ఆమె తండ్రి వెల్డరు. కొడుకులు లేరు, ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దదాన్ని షాపులో కూర్చోబెడితే చుట్టుపక్కలవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు, ఆడపిల్ల నిప్పుతో ఆడుతుందా అని. "మరి మీ ఇళ్ళల్లో పొయ్యి దగ్గర ఆడేది నీళ్ళతోనా?" అని ఆయన పిల్ల చేతికి వెల్డింగు కడ్డీ పట్టే హోల్డరు ఇచ్చేశాడు. ఎప్పుడు చూసినా ఒంటిచుట్టూ నిప్పురవ్వలే కనుక ఆ సందులో ఆమెకు రవ్వలక్క అన్న పేరు స్థిరపడింది. పెళ్ళి ఎందుకు చేసుకోలేదంటే, రవ్వలకు బెదరని మగాడు దొరకలేదనేది. అసలు కారణం చెల్లెలు. తండ్రి పోయేనాటికి చెల్లెలికి తొమ్మిదేళ్ళు. దానికి తల దువ్వింది, బడికి పంపింది, పెళ్ళి చేసింది, మధ్యలో పని కూడా నేర్పింది, షాపు రెండో తాళంచెవి చేతికిచ్చింది.

చెల్లెలిది ఎడమచేతి వాటం. ఇంకొకరైతే ఆ చెయ్యి కట్టేసి కుడిచేత్తో చెయ్యమనేవారు. రవ్వలక్క పనిబల్లనే తిప్పి అవతలి వైపు పెట్టింది. నేర్పేటప్పుడు మాత్రం కనికరం లేదు. అతుకు వేశాక దానిమీద కట్టే నల్లటి పెంకును సుత్తితో కొట్టి రాల్చాలి, ఇనప బ్రష్షుతో రుద్దాలి, తుప్పు పట్టకుండా ఎర్రరంగు పుయ్యాలి. ఇవి మూడూ చేస్తేనే పని అయినట్టు. ఒకటి మరిచిపోతే ఆ పూట అన్నం ఆలస్యం. చెల్లెలు ఏడ్చేది, తిట్టేది, మళ్ళీ పెంకు కొట్టేది.

చెల్లెలి భర్త లారీ డ్రైవరు. నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. వాళ్ళకు పుట్టిన పిల్లకు కాళ్ళల్లో బలం లేదు. ఆ బలమంతా నోట్లోకి వచ్చిందేమో, కళ్ళు తెరిచింది మొదలు మూసేదాకా మాటలే. అందుకే దాన్ని పిచ్చుక అన్నారు. దానికి చక్రాల కుర్చీ రవ్వలక్కే చేసింది, సైకిలు చక్రాలు రెండు, మంచం గొట్టాలు నాలుగు పెట్టి. కొన్న కుర్చీకన్నా బరువెక్కువే, కానీ దాన్ని విరగ్గొట్టడం పిచ్చుక వల్ల కూడా కాలేదు.

ఆ సందుకు ఒకవైపు మురుగుకాలవ. ఇంకోవైపు ఖాళీ జాగా, దాని అవతల పెద్దరోడ్డు, రోడ్డును ఆనుకుని లిఫ్టులున్న ఎత్తయిన అపార్టుమెంట్లు. ఆ జాగా కాగితాల మీద సర్కారుది. వాడుకలో మాత్రం పదకొండు ఇళ్ళది. బట్టలు ఆరేసే తాళ్ళు అక్కడే, పాతకర్రలు పేర్చుకునేది అక్కడే, ఇస్త్రీ అవ్వ బల్ల వేసుకునే రేకుల పంచా అక్కడే. పిల్లలు మాత్రం సందులో సైకిళ్ళ మధ్య ఆడి మోకాళ్ళు కొట్టుకునేవారు.

ఒకరోజు ఆ జాగాలోకి డిజైనరమ్మ వచ్చింది. పాతికేళ్ళు దాటిన పిల్ల, పెద్ద సంచీ, పిల్లలకోసం పార్కు కట్టే సంస్థ తరఫున వచ్చానంది. అందరు పిల్లలూ ఆడుకోగలిగేలా, ఏ ఒక్కరూ గట్టున కూర్చుని చూసే అవసరం లేకుండా కట్టాలని ఆమె పట్టుదల. పిల్లలకు రంగుకాగితాలు పంచి, మీకేం కావాలో గియ్యమంది. అందరూ రెండు కొండల మధ్య సూర్యుణ్ణి గీశారు. వాళ్ళలో ఒక్కరూ కొండ చూసిన పాపాన పోలేదు.

రవ్వలక్క నవ్వింది. "అమ్మాయ్, పిల్లల్ని అలా అడిగితే నీకేం నచ్చుతుందో అది గీస్తారు. వాళ్ళు ఎక్కడ ఆడుతున్నారో, ఎక్కడ ఆడకుండా ఉన్నారో వెళ్ళి చూడు."

"మీరు చూపిస్తారా అక్కా?" అని ఆ పిల్ల అడిగింది. అదీ ఆమె మంచితనం, అడిగింది.

నెలరోజులు ఇద్దరూ సందులన్నీ తిరిగారు. పదేళ్ళ ఆడపిల్లలు తాడాట ఎందుకు ఆడరో అప్పుడు డిజైనరమ్మకు అర్థమైంది. ఆట రాక కాదు, చంకలో తమ్ముడు. కాబట్టి తాడాట చోటు పక్కనే, చూపు అందేంత దూరంలో, పసివాళ్ళను పడుకోబెట్టే వల ఊయల ఉండాలి. గోల వింటే చెవులు మూసుకుని గోడకు అతుక్కుపోయే ఒక కుర్రాడున్నాడు. వాడికోసం మూడువైపులా మూసి, ఒకవైపునుంచి ఆట చూడగలిగే మూల ఉండాలి. పిచ్చుక కుర్చీతో సహా ఎక్కి తిరిగేలా రంగులరాట్నం నేలమట్టానికి దిగి ఉండాలి. రవ్వలక్క టేపు వాడలేదు. కట్టుకమ్మి తీగ తీసుకుని ఒక్కొక్క పిల్ల వీపుకూ, నడుముకూ, చాచిన చేతికీ వంచి, ఆ వంపులు షాపు గోడకు తగిలించింది. డిజైనరమ్మ వాటిని చూసి కాగితం మీద గీసుకుంది.

గేట్లు రెండని తేలింది. ముందుగేటు పెద్దరోడ్డు వైపు, వెనక గేటు సందులోకి. అసలు కిటుకంతా వెనక గేటులోనే ఉంది. అది లేకపోతే సందు పిల్లలు చుట్టూ తిరిగి, లారీలు దూసుకుపోయే రోడ్డు మీదుగా ముందుగేటుకు రావాలి. ఏ తల్లి పంపుతుంది? అందుకని వెనక గేటు కింద అడ్డపట్టీ లేకుండా, గొళ్ళెం పిచ్చుక చేతికి అందే ఎత్తులో ఉండేలా తేల్చుకున్నారు. రెండు గేట్లూ చేసే పని రవ్వలక్కదే.

ఇక మిగిలింది జాగా ఖాళీ చెయ్యడం. పదకొండు ఇళ్ళవాళ్ళూ సందులో గుమికూడారు. ఇస్త్రీ అవ్వ అందరి తరఫునా అడిగింది.

"నా పంచ తీసేస్తాను సరే. రేపు లోపల ఊయలలు కట్టాక, ఇది మీకు కాదుపొండి అని తలుపేసుకుంటే? అప్పుడు నా పంచా పోయె, పిల్లల ఆటా పోయె."

"ఆ తలుపు చేసేది నేను, అవ్వా."

"చేసేది నువ్వైతే వేసేది ఇంకొకడు కావచ్చుగా."

రవ్వలక్క అందరి ముందుకూ వచ్చి నిలబడింది. ఇన్నేళ్ళుగా తప్పించుకు తిరిగిన పని చేసింది. "ఆ గేటు మన పిల్లలకు మూసుకోదు. నేను బతికుండగా మూసుకోదు. ఇది నా మాట" అంది. రవ్వలక్క మాట ఇచ్చిందన్న వార్తకే సగంమంది లేచి తాళ్ళు విప్పేశారు. మూడోరోజుకల్లా అవ్వ పంచ కూడా సందులోకి వచ్చేసింది, కాలవ కంపు పక్కకి.

పార్కు బాగానే వచ్చింది. ప్రారంభం రోజున రాట్నం మీద తిరుగుతూ పిచ్చుక పెట్టిన కేకలు అపార్టుమెంట్ల ఎనిమిదో అంతస్తు దాకా వినిపించాయట. లోపల చూసుకోవడానికి సందులో మనిషే ఉంటే మంచిదని డిజైనరమ్మ అంటే, రవ్వలక్క చెల్లెలి పేరు చెప్పింది. "అది ఉంటే నేనున్నట్టే" అంది. చెల్లెలికి బూడిదరంగు కోటు, మెడలో ఈల, తాళాల గుత్తి వచ్చాయి. డిజైనరమ్మ పార్కును, ఇకమీదట ఖర్చులు తామే పెట్టుకుంటామన్న అపార్టుమెంట్ల కమిటీకి అప్పగించి వేరే ఊరి పనిమీద వెళ్ళిపోయింది.

అయిదు నెలలు గడిచాయి. అపార్టుమెంట్లవాళ్ళు గొణుగుతున్నారని చెల్లెలు అప్పుడప్పుడూ చెప్పేది. సందు పిల్లలు చెప్పులు లేకుండా వస్తున్నారట, కేకలేస్తున్నారట, వాళ్ళ పిల్లలకు వంతు రావడం లేదట. "గొణగనీ, గొణిగితే గేటు మూసుకోదు" అని రవ్వలక్క నవ్వేసింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అని పెద్దలు ఊరికే అనలేదు, కానీ నానబోసేటప్పుడు ఎవరికి తెలుస్తుంది?

ఒకరోజు పొద్దున్నే బాల్కనీ ఊచలు బిగించడానికి ఊరి అవతలికి వెళ్ళి, మధ్యాహ్నం మూడింటికి తిరిగొచ్చింది. సందు మొదట్లోనే ఏదో తేడా తెలిసింది. బడినుంచి వచ్చిన పిల్లలంతా గేటు ముందు నిలబడి ఉన్నారు. వెనక పెద్దవాళ్ళు. ఆమె రాగానే మాటలు ఆగిపోయాయి. పిల్లలు కూడా దారి ఇచ్చారు. ఆ దారి ఇవ్వడంలో మర్యాద లేదు.

గేటుకు తాళం లేదు. గొళ్ళెం ఉన్న పక్క మూడుచోట్ల, స్తంభానికి కలిపి అతుకు వేసేశారు.

"ఎవరు వేశారు?" అని ఆమె అడిగింది.

"మేం అన్నాలు తిని తలుపులేసుకున్న వేళ చూసి వేశారు. ఎవరో నువ్వే చెప్పాలి. ఈ చుట్టుపక్కల నీ మిషను తప్ప ఇంకేముంది?" అంది ఇస్త్రీ అవ్వ.

"నేను పొద్దున్నుంచీ లేనుగా అవ్వా!"

"షాపు తాళం ఎవరి దగ్గరుంటుంది మరి?"

రవ్వలక్క గేటు దగ్గరికి వెళ్ళింది. వంగి అతుకు చూసింది. మనిషి దస్తూరీ ఎలా తెలిసిపోతుందో వెల్డరుకు అతుకు అలా తెలిసిపోతుంది. బిళ్ళలు బిళ్ళలుగా పేరిన ఆ వరస కుడినుంచి ఎడమకు వాలి ఉంది. ఎడమచెయ్యి. అది ఒక్కటే అయితే ఏదో సాకు వెతుక్కునేదేమో. కానీ అతుకు మీద పెంకు లేదు. శుభ్రంగా కొట్టి రాల్చారు. బ్రష్షుతో రుద్దారు. పైన ఎర్రరంగు కూడా పూశారు, ఇంకా పూర్తిగా ఆరలేదు. దొంగతనంగా గేటు మూసేవాడు ఎవడైనా రెండు చుక్కలు అంటించి పారిపోతాడు. పెంకు కొట్టి రంగు పూసి మరీ దొంగపని చేసేలా ఈ లోకంలో ఒకే ఒక్క మనిషికి చేతులు పెంచింది తను. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆయనకు వెల్డింగు రాదు కాబట్టి.

 లేచి ఊచల్లోంచి లోపలికి చూసింది. పార్కులో అపార్టుమెంట్ల పిల్లలు ఆడుతున్నారు. వాళ్ళ మధ్యనుంచి పిచ్చుక కుర్చీ తోసుకుంటూ గేటు దగ్గరికి వచ్చింది. మెడలో నీలంతాడుకు వేలాడుతూ ఒక కార్డు.

"పెద్దమ్మా! నాకు కార్డిచ్చారు చూడు! ఫోటో కూడా ఉంది. ఇదుంటే ముందుగేటులోంచి రావచ్చట, నేనూ అమ్మా! ఇటు ఎందుకు మూశారు? వాళ్ళెందుకు రావట్లేదు?"

సందులో ఎవరో పళ్ళు నూరిన చప్పుడు వినిపించింది. అవ్వ గొంతు చల్లగా మారింది. "ఓహో. నీ ఇంటి పిల్ల లోపల, మా పిల్లలు బయట. బేరం ఇలా కుదిరిందన్నమాట."

అప్పుడు పిచ్చుక వెనక చెల్లెలు వచ్చి నిలబడింది. కోటు బొత్తాలన్నీ పెట్టుకుని ఉంది. ఇప్పుడు చెబుతుంది అనుకుంది రవ్వలక్క. ఏడుస్తూనో, కసురుకుంటూనో, నేనే వేశాను అని చెబుతుంది. అందరి ముందూ కాకపోతే కనీసం తల దించుకుంటుంది.

చెల్లెలు తల దించుకోలేదు. అందరికీ వినపడేలా, "పోనీ వదిలెయ్యండి. అక్క మీద ఎవరు ఎంత ఒత్తిడి తెచ్చారో ఏమో. పాపం, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది" అంది.

ఆ 'పాపం' అన్న మాట రవ్వలక్కకు చెంపమీద కొట్టినట్టు తగిలింది. తిడితే తట్టుకునేది. ముప్పై ఏళ్ళు తను పెంచిన గొంతు, తనమీద జాలిపడుతూ తననే దోషిని చేసింది. నిజం నాలుక చివర ఉంది. అతుకు చూపించి, పెంకు చూపించి, ఇది ఎవరి చెయ్యో చెప్పొచ్చు. ఎదురుగా పిచ్చుక కార్డు పట్టుకుని ఇంకా నవ్వుతోంది. ఈ పదకొండు ఇళ్ళూ దాని తల్లిమీద విరుచుకుపడితే ఆ పిల్ల ఎటు పోతుంది? రవ్వలక్క నోరు మూసుకుంది. మూసుకున్న నోటిని జనం ఒప్పుకోలుగా లెక్కవేసుకున్నారు.

షాపులోకి వెళ్ళి డిజైనరమ్మకు ఫోను చేసింది. ఆ పిల్ల నిజంగానే బాధపడింది. "అయ్యో అక్కా! కానీ అప్పగించేశాక మాకు అధికారం ఉండదు. కమిటీకి ఉత్తరం రాస్తాను" అంది. తరవాత, పిచ్చుక రాట్నం ఎక్కిన ఫోటో తమ పుస్తకం అట్టమీద వేశారని, ఒక ప్రతి పంపిస్తానని చెప్పింది. రవ్వలక్క సరేనంది. ఆ పిల్లమీద కోపం కూడా రాలేదు. కోపమంతా ఒకచోటే ఖర్చవుతోంది.

సాయంత్రం చెల్లెలి గదికి వెళ్ళింది. కోటు మేకుకు వేలాడుతోంది. చెల్లెలు బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు.

"కమిటీ సెక్రటరీ చెయ్యమన్నాడు. లేకపోతే ఉద్యోగం తీసేస్తానన్నాడు" అంది.

"కార్డు?"

"నేనే అడిగాను. ఒక్కటే ఇస్తామన్నారు. పదిస్తే పదీ తీసుకునేదాన్ని అక్కా. ఒక్కటే ఇస్తే ఎవరికిస్తాను? మిగతా పిల్లలకు సందుంది, కాళ్ళున్నాయి. నా పిల్లకు ఏముంది?"

అందులో అబద్ధం లేదు. అదే రవ్వలక్కను మరీ కుంగదీసింది. "సరే. అది నీ కడుపుతీపి. మరి నామీదెందుకు తోశావే?"

చెల్లెలు చేట పక్కన పెట్టింది. "నీమీదైతే వాళ్ళ కోపం నాలుగురోజులు. నామీదైతే నన్ను ఈ సందులో బతకనిస్తారా? నువ్వు తట్టుకుంటావు. చిన్నప్పట్నుంచీ నాకోసం అన్నీ తట్టుకున్నదానివేగా."

రవ్వలక్క గడప దాటబోయి వెనక్కి తిరిగింది. తను ప్రేమ అనుకుని పెట్టిందంతా అవతలి మనిషికి అలవాటుగా మాత్రమే చేరిందా? చివరికి ఒకే ప్రశ్న అడిగింది. "పెంకు ఎందుకు కొట్టావే?"

"ఏమో. కొట్టకపోతే చెయ్యి ఊరుకోలేదు" అంది చెల్లెలు. చేట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుని, ఏరిన బియ్యమే మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున, అందరూ నీళ్ళు పట్టుకునే వేళకు, రవ్వలక్క కోత మిషను పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. అవ్వను అడగకుండానే వాళ్ళింట్లోంచి తీగ లాగి కరెంటు పెట్టుకుంది. మొదటి అతుకు తెగుతుండగా లోపలివైపు సెక్రటరీ పరిగెత్తుకొచ్చాడు.

"ఏయ్, ఏంటిది? కమిటీ తీర్మానం ఉంది!"

"తీర్మానంలో అతుకు వెయ్యమని రాశారా? చూపించండి. ఎవర్ని వెయ్యమన్నారో కూడా చదవండి, అందరూ వింటారు" అంది ఆమె మిషను ఆపకుండానే.

సెక్రటరీ చెల్లెలి వైపు చూశాడు. చెల్లెలు నేలవైపు చూసింది. అలాంటిదేదీ కాగితం మీద లేదని అందరికీ అర్థమైంది. గేటు చుట్టూ అప్పటికే పాతికమంది ఆడవాళ్ళు బిందెలతో నిలబడ్డారు. "చూస్తాను మీ సంగతి" అంటూ ఆయన వెనక్కి తగ్గాడు. చూస్తూనే ఉన్నాడు, ఇప్పటిదాకా ఏమీ చెయ్యలేకపోయాడు.

మూడో అతుకు తెగింది. గేటు తెరుచుకుంది. పిల్లలు ఒక్కసారిగా లోపలికి దూసుకుపోయారు, చంకల్లో తమ్ముళ్ళతో సహా. ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు. ఇస్త్రీ అవ్వ దగ్గరికి వచ్చి ఆమె భుజం తట్టింది. "పోనీలే అమ్మా. తప్పు చేసినా దిద్దుకున్నావు. అందరికీ ఆ మనసుండదు" అంది.

ఆ మన్నింపు మింగడం రవ్వలక్కకు నిప్పు మింగడంకన్నా కష్టమైంది. చెయ్యని తప్పుకు దొరికిన మన్నింపు అది, వద్దని తిప్పి ఇచ్చేందుకు లేదు. ఆరోజునుంచి సందులో ఎవరూ ఆమెను దూరం పెట్టలేదు, పలకరింపులు మానలేదు. కానీ పని ఇచ్చేటప్పుడు ఎప్పటికిస్తావో కాగితం మీద రాయించుకోవడం మొదలుపెట్టారు. ఇస్త్రీ అవ్వ కూడా కిటికీ రేకుకు చీటీ రాయించుకుంది. అడిగితే, "మంచిదిగా అమ్మా, ఇద్దరికీ మంచిది" అంది.

పదిరోజులకు చెల్లెలు షాపుకు వచ్చింది. పిచ్చుక కుర్చీ చక్రం ఊగుతోందట. పిచ్చుక వచ్చీ రాగానే బడి సంగతులు, రాట్నం సంగతులు, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో అన్నీ చెప్పేసింది. రవ్వలక్క అన్నిటికీ ఊ కొట్టింది, రెండుచోట్ల పగలబడి నవ్వింది, పిల్ల చెంపమీద అంటిన గ్రీజు తన పమిట చెంగుతో తుడిచింది. ఇరుసు బిగించి, చక్రం తిప్పి చూసి, కుర్చీ ముందుకు నెట్టింది.

చెల్లెలు కదల్లేదు. చిన్నగా, "అక్కా, ఆరోజు నా పేరు చెప్పలేదు నువ్వు" అంది. కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఎప్పట్లా అక్క తల నిమిరితే చాలు, అంతా అయిపోయినట్టే అన్నట్టు నిలబడింది.

రవ్వలక్క చేతులు గుడ్డకు తుడుచుకుంది.

"కుర్చీ బాగయిందండీ" అంది. "ఇంకేమైనా పనుంటే చెప్పండి, కాగితం మీద రాసిస్తాను."